పేరు పూట

సోమవారం

పొద్దున్నే ఆఫీసు కిటికీ తుడిచాను. రాత్రి గాలికి అద్దం మీద ఉప్పు వేలెడు మందాన పేరుకుంది. మూడో కట్ట మీద కుటుంబ పింఛను అధికారి ఉద్యోగమంటే సగం పింఛన్లు, సగం ఉప్పు గోకడం. ఇటు సముద్రం, అటు సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊళ్ళు, మధ్యలో కట్ట మీద మేము. పంపులు ఆగితే పల్లం మునుగుతుంది కాబట్టి పంపులు ఆగవు. పంపుల దగ్గర పనిచేసే మనుషులు మాత్రం అప్పుడప్పుడు ఆగిపోతుంటారు. నా పని అక్కడ మొదలవుతుంది.

ఇవాళ వచ్చింది ఓలేటి నూకరత్నం. తొమ్మిదో పంపు ముఠాలో చేసే ధనరాజు భార్య. అతను నెమ్ము చేసి కిందటి వారం పోయాడు. డాక్టరు పడవ వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. ముఠావాళ్ళు సాక్ష్యం చెబితే, ఆ మాట మీద డాక్టరు చావు కాగితం రాసిచ్చి వెళ్ళాడు.

కట్ట మీద పింఛనంటే చేతికొచ్చే డబ్బు కాదు. ఉన్న ఇల్లు ఉంటుంది, మంచినీళ్ళ కుళాయి ఉంటుంది, బియ్యం వస్తాయి. అది లేకపోతే సామాను సర్దుకుని పల్లంలోని తెప్పల పేటకు దిగిపోవాలి. అక్కడ తాగేది ఉప్పదనం చావని బోరునీళ్ళు.

నూకరత్నం భయం తన గురించి కాదు. అత్తగారు అప్పలనరసమ్మకు మూత్రపిండాల జబ్బు. ఆ బోరునీళ్ళు తాగితే ఆర్నెల్లు కూడా బతకదని డాక్టరు ముందే చెప్పాడు.

"ఇల్లు ఉంచుతారా అమ్మగారండి?" అని అడిగింది.

"ఎందుకు ఉంచరు? అతని సర్వీసు నిండుగా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. వారంలో వచ్చేస్తుంది. కంగారు పడకు," అన్నాను.

ఆమె వెళ్ళాక దరఖాస్తు పై ఆఫీసుకు పంపాను. మధ్యాహ్నం మళ్ళీ కిటికీ తుడిచాను.

గురువారం

పై ఆఫీసులో దరఖాస్తులు చూసే యంత్రాన్ని మేం పెద్దాయన అంటాం. మనిషి కాదు గాని మనిషి కంటే మర్యాదగా రాస్తాడు. ఇవాళ వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు:

"దరఖాస్తులో పేర్కొనబడిన మృతుడు నిన్న సాయంత్రం విధులకు హాజరై, తన పనిని సంతృప్తికరముగా నిర్వహించినందున, కుటుంబ పింఛను మంజూరు చేయుటకు వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

సంతృప్తికరంగానట. పెద్దాయనకు ఉప్పు పట్టిందేమో అనుకుని హాజరు పట్టీ అడిగాను. ధనరాజు పోయిన మర్నాటి నుంచి ఒక్క పూట కూడా మానలేదు. బతికున్నప్పుడు కూడా అంత బుద్ధిగా రాలేదు పాపం.

తొమ్మిదో పంపు షెడ్డుకు వెళ్ళాను. ముఠా మేస్త్రీ సంగాని భైరవమూర్తి గుమ్మంలో కూర్చుని చుట్ట ముట్టించుకుంటున్నాడు. ఆయన వెనక గోడకు, వరసగా మేకులకు చేతి తొడుగులు వేలాడుతున్నాయి. ముఠాలో చేరిన రోజున ప్రతి మనిషికీ ఒకటి ఇస్తారు. అది తొడుక్కుంటేనే గేటు తెరుచుకుంటుంది, పంపు మాట వింటుంది. గేటు చూసేది తొడుగునే. లోపల ఎవరి చెయ్యి ఉందో దానికి పట్టదు.

ధనరాజు తొడుగు కూడా మేకుకుంది. ఇంకా తడిగా ఉంది.

"ఇది ఎవరు తొడుక్కుంటున్నారు మేస్త్రీగారూ?"

"అందరవండి. తలో పూట."

"చచ్చిపోయిన మనిషి తొడుగా?"

"ఆయ్. పేరు పూటండి అది. మీది ఈ కట్ట కాదు కదా, తెలీదు. ముఠాలో మనిషి పోతే పెద్దదినం దాకా ఆడి పూట ఆగకూడదండి. తలా ఒకళ్ళం ఆడి పేరు మీద చేస్తాం. ఇంట్లో పొయ్యి ఆరిపోకుండానండి. పెద్దదినం నాడు తొడుగు సముద్రంలో కలిపేస్తాం. మా తాతలకాడి నుంచీ ఉన్నదే."

"మరి ఇన్నాళ్ళూ అందరికీ పింఛను ఎలా వచ్చింది?"

"అప్పుడు గేటు కాడ సన్యాసయ్య ఉండేవోడండి. పక్కన 'పేరు పూట' అని రాసుకునేవోడు. ఆయన్ని తీసేసి ఈ మిషను పెట్టాక మా ముఠాలో పోయింది ధనరాజు ఒక్కడేనండి."

"మిషనుకి ఆ సంగతి చెప్పలేదా?"

"ఏటి చెప్తామండి. దానికి చెవులుంటే కదా."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియక ఇంకా మండింది. "మీరు చెప్పిన మాట మీద చచ్చిపోయాడు, మీరు తొడిగిన తొడుగు మీద బతికేశాడు. ఇప్పుడు నేను ఏ ధనరాజుకి పింఛను ఇప్పించాలి?" అన్నాను.

భైరవమూర్తి చుట్ట ఆర్పేశాడు. "ఎల్లుండి పెద్దదినమండి. ఆపేస్తాం," అన్నాడు.

శనివారం

ఆపారు. ఇవాళ పెద్దదినం కాబట్టి నిన్న సాయంత్రం నుంచి ధనరాజు పేరు మీద ఎవరూ గేటెక్కలేదు. భోజనాలకు నన్నూ పిలిచారు. విస్తళ్ళు వేస్తుండగా ధనరాజు ఇంటి గోడ మీది నోటీసుల పలక వెలిగింది. పెద్దాయన దగ్గర్నుంచి నోటీసు. ధనరాజు పేరున.

అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు సంజాయిషీ ఇవ్వాలట. సముద్రానికి మళ్ళీ పెద్ద పోటు వచ్చే నాటికి అది స్వయంగా వచ్చి ఇవ్వకపోయినా, ఈలోగా ఇంకో పూట మానినా ఉద్యోగం నుంచి తొలగిస్తారట. తొలగించిన మనిషి కుటుంబానికి పింఛను ఉండదు. ఆ రోజే కుళాయి కట్టేస్తారు, ఇల్లు ఖాళీ చేయాలి.

నూకరత్నం అది చదివి నా వైపు చూసింది. "ఆయనకి వచ్చిందండి," అంది.

మొగవాళ్ళప్పటికే తొడుగు పట్టుకుని ఒడ్డుకు వెళ్ళారు. కబురు తెలిసి భైరవమూర్తి మోకాల్లోతు నీళ్ళలోంచి వెనక్కి వచ్చేశాడు. సాయంత్రం మళ్ళీ ఆ తొడుగు తొడుక్కుని ఒక మనిషి గేటెక్కాడు. నేను అక్కడే నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

పని చేస్తే బతికున్నట్టు, మానేస్తే ఉద్యోగం వదిలేసినట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది. మనిషి కట్టెల మీద కాలిపోవడం కళ్ళతో చూసిన వాళ్ళు ఊరంతా ఉన్నారు గాని పెద్దాయనకు కళ్ళు గేటు దగ్గర మాత్రమే ఉన్నాయి. ఒకప్పుడు రెండో కట్ట మీద కొందరు బతికున్నవాళ్ళని చచ్చినట్టు రాయించి పింఛన్లు తీసుకున్నారు. అప్పటి నుంచి చావు కాగితం కంటే గేటు హాజరే పైమాట.

బుధవారం

అప్పీలు రాశాను. జవాబు వచ్చింది: "మృతుడు స్వయముగా హాజరై వివరణ ఇచ్చినచో పరిశీలించగలము."

ముఠావాళ్ళు తమ పూట దిగి ధనరాజు పూట ఎక్కుతున్నారు. నిద్రలు లేవు. ఇవాళ బంగార్రాజు అనే అతను ధనరాజు తొడుగుతో పని చేస్తుండగా చెయ్యి చక్రంలో పడింది. ఒకరి చేతికి అలవాటైన తొడుగు ఇంకొకరి చేతికి సరిగ్గా లొంగదు. రెండు వేళ్ళు నలిగిపోయాయి. దెబ్బ తగిలింది ధనరాజుకని గేటు రాసుకుంది. కాబట్టి బంగార్రాజుకు మందులు కూడా ధనరాజు ఖాతాలోంచే ఇచ్చారు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర అతని భార్య చంద్రావతి నన్ను పట్టుకుంది. చేతిలో బిందె ఉంది, నోట్లో నిప్పులున్నాయి.

"చచ్చినోడి కళ్ళు చారెడని, అందరూ ఆ ధనరాజు గురించే ఏడుస్తున్నారు. బతికున్నోడి వేళ్ళు పోతే అడిగేవోడు లేడండి. అసలు కందకి లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. ఆ రత్నం నాకేం చుట్టమాండి, పక్కమా? వరసలో నిలబడితే నా బిందె జరిపేసే మనిషి అది."

నూకరత్నం అక్కడే, వరసలో నాలుగు బిందెల వెనక ఉంది. విననట్టే నిలబడింది. తన వంతు వచ్చేదాకా ఉండకుండా ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది.

శుక్రవారం

భైరవమూర్తి నూకరత్నాన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. తలుపు వేయమన్నాడు. వేశాను.

"ఒక దారుందండి," అన్నాడు. "రేపు మావోడొకడు ధనరాజు తొడుగుతో గేటు లోపలికెళ్తాడు. తొడుగు లోపల కాలవలో పారేసి, తన తొడుగుతో బయటికొచ్చేస్తాడు. అంటే ధనరాజు లోపలికెళ్ళి రాలేదన్నమాట. వెతుకుతారు, దొరకడు. డ్యూటీలో పోయినట్టు రాస్తారు. పింఛను వచ్చేస్తుందండి."

"లోపల మనిషి పోతే మేస్త్రీ మీద కేసు పెడతారు. మీకు తెలుసు కదా?"

"తెలుసండి. నాదేముంది, అయిపోవచ్చిన ప్రాణం."

ఆయన అంత తేలిగ్గా అనేశాడు. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. దొంగదారే అయినా దారి కదా అనిపించింది. నూకరత్నం మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వద్దు మావయ్యా. ఆయన ఒకసారి పోయాడు. మా అత్త ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. ఇప్పుడు కాలవలో పడి పోయాడని రాయించి, నిన్ను జైలుకి పంపి, ఆ నీళ్ళు మా అత్తకి తాగించమంటావా? దిగదు మావయ్యా."

"పిచ్చిదానా, పెద్ద పోటు దగ్గరకొచ్చేసింది."

"వస్తే దిగిపోతాం. తెప్పల పేటలో జనం బతకట్లేదా."

వాళ్ళు వెళ్ళిపోయాక తలుపు తీశాను. ఆమె ఆ మాట అన్నది ధైర్యంతో కాదు, లెక్క తెలియక కూడా కాదు. అత్తగారు అక్కడ బతకదని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆదివారం

సెలవు రోజు నిబంధనలు ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి దొరికింది. గేటు హాజరును రద్దు చేసే దారి ఒకే ఒక్కటి ఉంది. తప్పుడు హాజరు వేసినవాళ్ళు అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు తక్కువైనా చెల్లదు. ఒప్పుకున్నవాళ్ళని పనిలోంచి తీయరు గాని వాళ్ళ సర్వీసు తెగిపోతుంది. ఇన్నాళ్ళూ చేసిన ఏళ్ళన్నీ పోయి, మంజూరైన రోజు నుంచి మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

కొత్త సర్వీసు నిండకుండా మనిషి పోతే అతని కుటుంబానికి పింఛను లేదు. అందుకని మగవాడు ఒప్పుకుంటే సరిపోదు. పింఛను ఎవరికి రావాలో వాళ్ళు, అంటే భార్యలు, వేలిముద్ర వేయాలి. ఇది రాసిన మహానుభావుడెవరో గాని ఇల్లాళ్ళ సంగతి తెలిసినవాడే.

షెడ్డుకు వెళ్ళి ముఠా అందరికీ విప్పి చెప్పాను. దాచడానికేమీ లేదు, దాస్తే నా ఉద్యోగానికి అర్థం లేదు. ధనరాజు ఇల్లు నిలబడాలంటే మీ ఇళ్ళ పూచీ పోతుంది అన్నాను. భైరవమూర్తికి ఇంకొంచెం చేస్తే సర్వీసు నిండుతుంది. బంగార్రాజు చెయ్యి చూస్తే మళ్ళీ మొదటి నుంచి సర్వీసు నింపగలడని నాకు నమ్మకం లేదు.

ఒకాయన తొడుగు దులుపుకుని మేకుకు తగిలించాడు. "ఇంట్లో అడగాలండి," అన్నాడు. అందరూ అదే అన్నారు.

మంగళవారం

రేపు పెద్ద పోటు.

నిన్నంతా ఎవరూ రాలేదు. ఇవాళ పొద్దున్న భైరవమూర్తి భార్య వచ్చింది. నా కంటే పెద్దావిడ, మెట్లెక్కి ఆయాసపడింది. మంచినీళ్ళిస్తే తాగి, వేలిముద్ర ఎక్కడెయ్యాలంది. వేసింది. "మీరు ఆలోచించుకున్నారా?" అంటే, "ఆయన ఆలోచించాడులెండి, నేను వంట చేసి వచ్చాను," అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒకావిడ ఏడుస్తూ వేసింది. ఒకావిడ మొగుణ్ణి తిడుతూ వేసింది. మగవాళ్ళు గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డారు. సాయంత్రానికి చంద్రావతి తప్ప అందరివీ అయ్యాయి.

ఆమె ఆఫీసు మూసే వేళకు వచ్చింది. వెనకాల బంగార్రాజు, చేతికి కట్టుతో. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నేను వెయ్యకపోతే ఏమవుద్దండి?"

"రేపు నూకరత్నం కుళాయి కట్టేస్తారు."

"వేస్తే?"

"మీ ఆయనకి ఏమైనా అయితే నీ కుళాయి కట్టేస్తారు. అతని చెయ్యి చూస్తున్నావు కదా. నీ అంత నష్టం ఇందులో ఎవరికీ లేదు. వెయ్యమని నేను అడగను."

"అడక్కండి. అడిగితే వెయ్యబుద్ధి కాదు."

కిటికీ లోంచి సముద్రం వైపు చూసింది. నీళ్ళు అప్పటికే కట్ట రాళ్ళ మీదికి ఎక్కుతున్నాయి.

"దానికీ నాకూ పడదండి," అంది. "రేపు వేలు వేసినా పడదు. ఆ బిందె జరిపే బుద్ధి మారదు దానికి. గాని ఒక మాట చెప్పండి. రేపు ఈయన పోయాడనుకోండి. మీ పెద్దాయన వచ్చి ఈయన తొడుగు తొడుక్కుంటాడా?"

"తొడుక్కోడు."

"మరి ఎవరు తొడుక్కుంటారు? ముఠావోళ్ళే కదా. కాగితం పోతే పోయిందండి. ముఠాలో మాట పోయిందనుకోండి, ఇక నా గుమ్మంలోకి ఎవడూ రాడు."

వేలిముద్ర వేసి, వేలు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, "పదవయ్యా," అని మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆఫీసు దినచర్యలో ఇలాంటివి రాయకూడదు. అయినా రాస్తున్నాను. తలుపు గొళ్ళెం పెట్టుకుని ఏడ్చాను. ఆ తరవాత కాగితాలన్నీ పంపాను.

గురువారం

పెద్ద పోటు వచ్చి వెళ్ళింది. పంపులన్నీ ఆడాయి. కాగితాలు పరిశీలనలో ఉన్నందున నూకరత్నం కుళాయిలో నీళ్ళు ఆగలేదు.

పొద్దున్న మంజూరు వచ్చింది. ధనరాజు తన ఇంట్లో, తను పోయిన రోజునే పోయినట్టు పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆ వెంటనే ముఠా అందరి సర్వీసూ ఇవాళ్టి నుంచి కొత్తగా లెక్క అని రెండో కాగితం వచ్చింది. ఆ శిక్ష మాఫీ చేయాలని నేను రాసిన సిఫార్సుకు జవాబు లేదు. వస్తుందన్న నమ్మకమూ లేదు.

నూకరత్నాన్ని పిలిపించి మంజూరు కాగితం చేతికిచ్చాను. నిలబడే చదివింది. చావు తేదీ దగ్గర ఆగింది. అక్కడే నేల మీద చతికిలబడి, మొగుడు పోయాక మొదటిసారనుకుంటాను, గట్టిగా ఏడ్చింది. ఇన్నాళ్ళూ సాయంత్రమయ్యేసరికి అతని పూట ఎవరు ఎక్కారో కనుక్కోవడంతోనే సరిపోయిందట. నేను కిటికీ తుడుస్తూ ఉండిపోయాను. ఏడుపు తగ్గాక లేచి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇది మా అత్త పేరు మీదికి మార్చొచ్చాండి?"

"మార్చొచ్చు. నువ్వు కట్ట మీద ఉద్యోగంలో చేరితే పింఛను తల్లికి వెళ్తుంది. ఎందుకు?"

"ముఠాలో ఒక మనిషి తక్కువండి. బంగార్రాజన్నయ్య చెయ్యి మానేసరికి ఎన్నాళ్ళవుద్దో. మేస్త్రీ మావయ్య రమ్మన్నాడు."

అభ్యంతరం ఏమీ లేదు. ఉద్యోగం కాగితం తీశాను. అందులో ఆమెకు లాభించే నిబంధన ఒకటుంది, చెప్పడం నా ధర్మం కాబట్టి చెప్పాను. చనిపోయిన మనిషి స్థానంలో భార్య చేరితే, భర్త పేరు మీదే కొనసాగొచ్చు. అతని ఏళ్ళన్నీ ఆమె సర్వీసులో కలుస్తాయి. ఆమె రేపు పోయినా అత్తగారికి ఇల్లు, నీళ్ళు ఉంటాయి.

"ఏ పేరు రాయమంటావు?" అన్నాను.

"నా పేరే రాయండి."

"ఆలోచించుకో. మొదటి నుంచి మొదలవుతుంది నీకు."

"ఆయన పేరు మీద చెయ్యాల్సినోళ్ళు చేసేశారండి," అంది. "ఆళ్ళందరూ నా మూలాన మొదట్నుంచి మొదలెట్టారు. నేనొక్కదాన్ని ముందెలా నిలబడతానండి."

రాశాను. ఓలేటి నూకరత్నం, తొమ్మిదో పంపు. కొత్త తొడుగు కోసం ముఠా జాబితా తీసి ఆమె పేరు అడుగున చేర్చాను. మేస్త్రీ భైరవమూర్తి దగ్గర్నుంచి నూకరత్నం దాకా, చేరిన తేదీ అందరికీ ఇవాళ్టిదే.